సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్: ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ రావట్లేదు

బస్సు పార్సిల్లో వచ్చిన పాత ఆఫీసు డెస్క్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టి, వైర్లన్నీ తగిలించి బటన్ నొక్కారు. లైటు వెలిగింది, ఫ్యాన్ గిర్రున తిరిగింది, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని చూపించి నిద్రపోయింది. అమ్మినతనికి ఫోన్ చేస్తే ‘మా దగ్గర వచ్చిందండీ, ఒకసారి ర్యామ్ తీసి పెట్టి చూడండి’ అంటాడు. తప్పించుకునే మాటలా వినిపిస్తుంది గానీ, చాలాసార్లు అదే సరైన సలహా. దారిలో కుదుపులకు ముందు కదిలేది ర్యామే, అంటే బోర్డు స్లాట్‌లో గుచ్చే మెమరీ పట్టీ.

ఇక్కడ రాసింది ముఖ్యంగా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనూ, జిల్లా కేంద్రాల దుకాణాల్లోనూ దొరికే కంపెనీ డెస్క్‌టాప్‌ల గురించి. అంటే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి. అసెంబుల్డ్ (విడిభాగాలు కొని కూర్చిన) సిస్టమ్‌లకూ ఇదే వరస. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. ఫ్యాన్ తిరిగితే బోర్డు (అన్ని భాగాలూ తగిలే మదర్‌బోర్డు) బతికున్నట్టు కాదు. ఫ్యాన్‌కి కావాల్సింది 12 వోల్టులు మాత్రమే. ప్రాసెసర్ తీసేసినా చాలా బోర్డుల్లో అది తిరుగుతుంది. బటన్ నొక్కాక జరిగే వరస ఇది: ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక, సాధారణంగా అర సెకను లోపే, ‘పవర్ బాగుంది’ అని బోర్డుకు ఒక సిగ్నల్ పంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ మేలుకుని బయోస్ చిప్‌లోని ప్రోగ్రామ్ (సిస్టమ్‌ని మొదలుపెట్టేది అదే) చదవడం మొదలుపెడుతుంది. తర్వాత ర్యామ్‌ని పరీక్షిస్తుంది. ర్యామ్ సరిగ్గా ఉంటేనే గ్రాఫిక్స్ దగ్గరికి వెళ్తుంది. ఆ తర్వాతే తెర మీద మొదటి అక్షరం. ర్యామ్ దగ్గర ఆగిపోతే తెర మీద చెప్పే వీలు లేదు కాబట్టే సిస్టమ్ బీప్ కొడుతుంది, లేదా లైటు మిణుకుమనిపిస్తుంది. హార్డ్ డిస్క్ వంతు వీటన్నిటి తర్వాత. అందుకే డిస్క్ లేకపోయినా, పాడైనా, విండోస్ చెడిపోయినా డెల్ లేదా హెచ్‌పీ లోగో రావాలి. ‘డిస్‌ప్లే రావట్లేదు’ అనగానే విండోస్ మళ్లీ వేస్తామనేవాళ్లకు సిస్టమ్ ఇవ్వకండి.

మీ సమస్య ఇదేనా?

లోగో కనిపించి, విండోస్ గుండ్రాలు తిరిగి, ఆ తర్వాత తెర నల్లబడితే అది వేరే సంగతి. డ్రైవరో, రిజల్యూషనో కారణం. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కి చూడండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. మానిటర్ ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అంటుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రిజల్యూషన్ తగ్గించాలి. బటన్ నొక్కినా ఏమీ కదలకపోతే నేరుగా ఎస్‌ఎంపీఎస్ భాగానికి వెళ్లండి. ఇక మిగిలింది అసలు సమస్య: పవర్ వస్తుంది, మొదటి నుంచీ తెర నలుపే.

కరెంటు పెట్టే ముందు

ఎస్‌ఎంపీఎస్ వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. పాత వాటిలో, చవక వాటిలో 115, 230 అని రెండు స్థానాలు ఉంటాయి. మన దగ్గర 230 మీదే ఉండాలి. అమెరికా నుంచి వచ్చిన పెట్టెల్లో 115 మీద ఉండిపోతుంది. అలాగే ప్లగ్ పెడితే ‘టప్’ మని పేలి, దుర్వాసన వచ్చి, కథ ముగుస్తుంది. స్విచ్ లేకపోతే అది 100 నుంచి 240 దాకా తనంతట తాను సర్దుకునే రకమేమో లేబుల్ మీద చూసుకోండి.

క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుంటే, లేదా టెస్టర్ పెడితే వెలుగుతుంటే, మీ సాకెట్‌లో ఎర్త్ లేనట్టు. చాలావరకు సిస్టమ్ తప్పు కాదు. కానీ ఆ స్థితిలో మూత తీసి లోపల చేయి పెట్టకండి, కేబుళ్లు పీకి పెట్టకండి. ముందు ఎర్త్ ఉన్న సాకెట్‌కి మారండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి ఎక్కువేం లేవు: స్టార్ స్క్రూడ్రైవర్, డిజిటల్ మల్టీమీటర్, పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరు, మెత్తటి పెయింట్ బ్రష్, కొత్త సీఆర్2032 సెల్లు (బోర్డు మీద ఉండే నాణెం లాంటిది), కొంచెం థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసేది), ఒక మంచి వీజీఏ కేబుల్ (15 పిన్నుల పాతరకం మానిటర్ కేబుల్). అసెంబుల్డ్ సిస్టమ్ అయితే బోర్డుకు తగిలించే చిన్న బజర్ కూడా. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు.

మొదటి అడుగు: మూత తీయకుండా చూడాల్సినవి

మానిటర్ నుంచి సిస్టమ్ కేబుల్ పీకేసి, మానిటర్ మాత్రమే ఆన్ చేయండి. ‘నో సిగ్నల్’ అనో, ‘చెక్ కేబుల్’ అనో అక్షరాలు వచ్చాయంటే ప్యానెల్, బ్యాక్‌లైట్ బాగానే ఉన్నాయి. పవర్ లైటు వెలిగి అక్షరాలు రాకపోతే గది చీకటి చేసి, మొబైల్ టార్చ్ తెరకు ఏటవాలుగా కొట్టి చూడండి. మసకగా అక్షరాలు కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయింది. సిస్టమ్‌ని అనుమానించే ముందు మానిటర్‌కి ల్యాప్‌టాప్‌నో, సెట్‌టాప్ బాక్స్‌నో తగిలించి చూస్తే గంట శ్రమ తప్పుతుంది.

తర్వాత మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సోర్స్. ఆటోలో ఉన్నా కొన్ని మానిటర్లు పాత పోర్టునే పట్టుకుని వేలాడతాయి. మీరు కేబుల్ పెట్టిన పోర్టునే చేత్తో ఎంచుకోండి.

సిస్టమ్ వెనక రెండు చోట్ల వీడియో పోర్టులు ఉంటే, అందులో గ్రాఫిక్స్ కార్డు ఉంది. అడ్డంగా ఉన్న స్లాట్ల దగ్గర ఉండేవి కార్డువి, యూఎస్‌బీల పక్కన ఉండేవి బోర్డువి. కార్డు ఉంటే చాలా సిస్టమ్‌లు బోర్డు పోర్టుని ఆపేస్తాయి. కేబుల్ కార్డుకే పెట్టాలి.

డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాంటి మరో వీడియో పోర్టు) దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆప్టిప్లెక్స్ 7010, 9020 లాంటి వాటిలో హెచ్‌డీఎంఐ ఉండదు. ఒక వీజీఏ, రెండు డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చవక కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ కొస సిస్టమ్ వైపు, హెచ్‌డీఎంఐ కొస మానిటర్ వైపు ఉండాలి. సిస్టమ్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే కేబుల్ తిప్పి పెట్టినా బొమ్మ రాదు. పరీక్షించేటప్పుడు అడాప్టర్లేవీ లేకుండా నేరు వీజీఏ కేబుల్‌తో చూడటం మేలు. వీజీఏ కొసలో 15 పిన్నులకు ఒకటి తక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు. చాలా కేబుళ్లలో తొమ్మిదో పిన్ను ఉండదు, పనికి అడ్డం రాదు. వంగిన పిన్ను ఉంటే మాత్రం సన్నటి పట్టకారుతో సరిచేయండి.

రెండో అడుగు: నమ్ లాక్ నొక్కండి

సిస్టమ్ ఆన్ చేసి నిమిషం ఆగి, కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే ప్రాసెసర్, ర్యామ్, బయోస్ పనిచేస్తున్నాయి. లోపం బొమ్మ బయటికి వచ్చే దారిలో ఉంది: పోర్టు, కేబుల్, కార్డు, మానిటర్. లైటు కదలకపోతే, లేదా అసలు వెలగకపోతే సిస్టమ్ ర్యామ్ దగ్గరో అంతకంటే ముందో ఆగింది. కొన్ని యూఎస్‌బీ కీబోర్డులు విండోస్ వచ్చేదాకా మేలుకోవు కాబట్టి ఇది తుది తీర్పు కాదు. అయినా పైసా ఖర్చు లేకుండా సగం దారి తేల్చే పరీక్ష ఇంకొకటి లేదు.

మూడో అడుగు: సిస్టమ్ ఏం చెబుతోందో వినండి

కంపెనీ డెస్క్‌టాప్‌లలో మేలు ఏమిటంటే, అవి తమ రోగం తామే చెప్పుకుంటాయి. హెచ్‌పీ కాంపాక్ కాలం నుంచి ఎలైట్‌డెస్క్ మొదటి తరాల దాకా పవర్ లైటు సెకనుకొకసారి ఎర్రగా మిణుకుమని, రెండు సెకన్లు ఆగుతుంది. రెండుసార్లు అయితే ప్రాసెసర్ వేడి, మూడు అయితే ప్రాసెసర్ కనబడలేదు, నాలుగు పవర్, ఐదు ర్యామ్, ఆరు గ్రాఫిక్స్, ఏడు మదర్‌బోర్డు. ఐదు మిణుకులూ ఐదు బీప్‌లూ వింటే హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు, అది చాలాసార్లు ర్యామ్ పళ్లను రబ్బరుతో రుద్దితే పోయే జబ్బు. తర్వాతి తరాల్లో ఎర్ర మిణుకులు నిదానంగా, తెల్ల మిణుకులు త్వరగా వస్తాయి: మూడు ఎర్ర, రెండు తెల్ల అయితే ర్యామ్, మూడు, మూడు అయితే గ్రాఫిక్స్.

పాత డెల్‌లలో బీప్‌ల లెక్క: రెండు అయితే ర్యామ్ కనబడలేదు, నాలుగు అయితే ర్యామ్ కనబడింది గానీ చదవడం రాయడంలో తప్పు, ఐదు అయితే గడియారం లేదా సెల్లు, ఆరు వీడియో, ఏడు ప్రాసెసర్. కొత్త డెల్‌లలో పవర్ బటన్ ముందు పసుపు, తర్వాత తెలుపు మిణుకుతుంది. రెండు అంకెలూ రాసుకుని, సర్వీస్ ట్యాగ్‌తో (క్యాబినెట్ మీది గుర్తింపు కోడ్) మీ మోడల్ మాన్యువల్‌లో పట్టిక చూడండి. మోడల్‌కీ మోడల్‌కీ అర్థం మారుతుంది.

అసెంబుల్డ్ బోర్డుల్లో బజర్ ఉండదు, కొని నాలుగు పిన్నుల స్పీకర్ జాగాలో తగిలించాలి. అక్కడ బీప్‌లను గుడ్డిగా నమ్మొద్దు. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే అవార్డ్ బయోస్‌లో గ్రాఫిక్స్ లోపం. అదే ఆసుస్ బోర్డులో ర్యామ్ లేదని అర్థం. బోర్డు పేరు చూసుకున్నాకే అర్థం వెతకండి.

బజర్ ఉండి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేసినా ఒక్క బీప్ రాకపోతే లోపం ర్యామ్‌కి ముందే ఉంది. ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, బయోస్, బోర్డు, ఈ నాలుగింట్లో ఒకటి. బీప్ వస్తే మాత్రం ఆ నాలుగూ దాదాపు బాగున్నట్టే. ఈ ఒక్క పరీక్షతో అనవసరంగా కొనే పార్టులు చాలా తగ్గుతాయి.

నాలుగో అడుగు: ర్యామ్

ప్లగ్ పీకి, పవర్ బటన్‌ని 20 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి. నైలాన్ బట్టలతో, తివాచీ మీద కూర్చుని ఈ పని చేయొద్దు.

రెండు వైపులా క్లిప్పులు తెరిచి ర్యామ్‌లు అన్నీ తీయండి. బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో ఒకే దిశలో, రెండు వైపులా, మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టు పూర్తిగా బ్రష్‌తో దులపాలి. అది స్లాట్‌లో పడితే కొత్త సమస్య. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూదికి కాకుండా పోగులు రాలని గుడ్డకు అద్ది తుడవండి. ఉప్పుకాగితం, చాకు మొన ముట్టకండి, బంగారు పూత లేచిపోతే ఆ ర్యామ్ ఎప్పటికీ నమ్మకంగా ఉండదు. స్లాట్ లోపల పొడి బ్రష్ చాలు. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి.

ఇప్పుడు ఒకే ఒక ర్యామ్‌ని మొదటి స్లాట్‌లో పెట్టండి. ఏది మొదటిదో బోర్డు మీద సన్నగా అచ్చై ఉంటుంది. డెల్‌లో చాలావరకు మొదట నింపాల్సిన స్లాట్ల క్లిప్పులు తెల్లగా ఉంటాయి. రెండు కొసలా ‘టక్’ మనేదాకా బొటనవేళ్లతో నొక్కండి. ఒక కొస కూర్చుని ఇంకో కొస అర మిల్లీమీటరు లేచి ఉండటం ఈ పనిలో అన్నిటికన్నా మామూలు తప్పు. ఆన్ చేసి నిమిషం ఆగండి. డీడీఆర్4 రకం ర్యామ్ వాడే సిస్టమ్‌లు ర్యామ్ మారినప్పుడు కొత్తగా అలవాటు చేసుకోవడానికి కొంత సమయం తీసుకుంటాయి, ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలవుతాయి కూడా. పది సెకన్లకే ఆఫ్ చేస్తే ఆ పని ఎప్పటికీ పూర్తవదు.

రాలేదా, అదే ర్యామ్‌ని రెండో స్లాట్‌లో చూడండి. తర్వాత రెండో ర్యామ్‌ని మొదటి స్లాట్‌లో. ఒక్కో ర్యామ్‌నీ ఒక్కో స్లాట్‌లో చూస్తే చెడింది ర్యామో, స్లాటో తేలుతుంది. ఒక స్లాట్ మాత్రమే ఏ ర్యామ్‌నీ తీసుకోకపోతే వెంటనే స్లాట్ పోయిందనుకోకండి. కోర్ ఐ తరం నుంచి ర్యామ్‌ని నడిపే భాగం ప్రాసెసర్ లోపలే ఉంది. సాకెట్‌లో ఒక పిన్ను వంగినా, కూలర్ ఒకవైపు ఎక్కువ బిగుసుకున్నా, లక్షణం ర్యామ్ స్లాట్ దగ్గరే బయటపడుతుంది.

సరిపడని ర్యామ్ ఇంకో పెద్ద ఉచ్చు. స్లాట్‌లో పట్టింది కదా అని పనిచేస్తుందనుకోవద్దు. లేబుల్ మీద పీసీ3-12800 తర్వాత అక్షరం చూడండి: యూ ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్, ఆర్ ఉంటే సర్వర్‌ది. సర్వర్ ర్యామ్ చవకగా దొరుకుతుంది, స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, ఈ డెస్క్‌టాప్‌లలో మాత్రం బొమ్మ రానివ్వదు. ఆన్‌లైన్‌లో మరీ తక్కువ ధరకు దొరికే కొన్ని డీడీఆర్3 ర్యామ్‌లు ఏఎండీ బోర్డులకు మాత్రమే పనిచేస్తాయి, ఇంటెల్ సిస్టమ్‌లో పెడితే నల్లతెరే. ఇంకోటి: ఆప్టిప్లెక్స్ 3040 లాంటి ఆరో తరం (ఇంటెల్ కోర్ ప్రాసెసర్ తరం) సిస్టమ్‌లు కొన్ని 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అడుగుతాయి. వాటిలో పాత 1.5 వోల్టుల ర్యామ్ పెట్టొద్దు. మూడో తరం సిస్టమ్‌లో ఎల్ రకం ర్యామ్ పెడితే ఇబ్బంది లేదు.

ఐదో అడుగు: సెల్లు, బయోస్ సెట్టింగులు

ముందు యజమాని బయోస్‌లో గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే బొమ్మ వచ్చేలా పెట్టి, అమ్మేటప్పుడు కార్డు పీక్కుని ఉండొచ్చు. దీనికి మందు సీమాస్ రీసెట్, అంటే బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తేవడం. ప్లగ్ పీకి, నాణెం లాంటి సెల్లు తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి వదిలి, పది నిమిషాలు అలాగే ఉంచండి. తొందరైతే డెల్‌లో ఆర్‌టీసీఆర్‌ఎస్‌టీ అని రాసిన రెండు పిన్నుల మీదికి జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) మార్చాలి. హెచ్‌పీలో బోర్డు మీద చిన్న పసుపు బటన్ ఉంటుంది, ప్లగ్ పీకాకే దాన్ని కొన్ని సెకన్లు నొక్కాలి. పక్కనే ఉన్న పాస్‌వర్డ్ జంపర్‌తో పొరబడకండి.

తీసిన సెల్లును మల్టీమీటర్‌తో చూడండి. కొత్తది 3 వోల్టుల పైన ఉంటుంది. 2.7 కంటే దిగితే మార్చేయండి. చాలా బోర్డులు చచ్చిన సెల్లుతోనూ బొమ్మ చూపిస్తాయి, కొన్ని చూపించవు. ఇంత చిన్న ఖర్చుకి వాదన ఎందుకు, పాత సిస్టమ్ కొన్న రోజే కొత్త సెల్లు వేసేయండి. సెల్లులో రాసి ఉన్న వైపు, అంటే ప్లస్, సాధారణంగా పైకి ఉండాలి.

ఆరో అడుగు: అనవసరమైనవన్నీ పీకేయండి

హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, వైఫై కార్డు, గ్రాఫిక్స్ కార్డు, ముందు ప్యానెల్ యూఎస్‌బీ కేబుల్, అన్నీ తీసేయండి. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, పవర్, వీజీఏ కేబుల్ మాత్రమే మిగలాలి. ఇప్పుడు బొమ్మ వస్తే ఒక్కొక్కటిగా తగిలిస్తూ దొంగను పట్టుకోండి. ఎవరూ అనుమానించని దొంగ ముందువైపు యూఎస్‌బీ పోర్టు. లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగి పిన్నులు ఒకదానికొకటి తగిలితే 5 వోల్టుల లైన్ షార్ట్ అవుతుంది, సిస్టమ్ మొదలైన మరుక్షణం పడుకుంటుంది.

పవర్ కేబుళ్లు రెండు ఉండాలి. పెద్దది బోర్డుకు, నాలుగో ఎనిమిదో పిన్నులున్న చిన్నది ప్రాసెసర్ పక్కన. ఈ చిన్నది ఊడితే ఫ్యాన్లు, లైట్లు అన్నీ పనిచేస్తాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంటు ఉండదు. అచ్చం బోర్డు పోయినట్టే కనిపిస్తుంది. గట్టిగా నొక్కి చూడండి.

గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పుడే బొమ్మ పోతుంటే మూడు చూడాలి. కార్డుకు విడిగా ఆరు పిన్నుల పవర్ కావాలా? స్లాట్ ఇచ్చేది 75 వాట్లే. సన్న క్యాబినెట్ ఆప్టిప్లెక్స్ 7010లో ఎస్‌ఎంపీఎస్ మొత్తం 240 వాట్లది, దాని మీద పెద్ద కార్డు మోయించకండి. మూడోది, బయోస్‌లో లెగసీ (పాత పద్ధతి) ఆప్షన్ ఆపి ఉంటే, యూఈఎఫ్ఐ (కొత్తరకం బయోస్) తెలియని పాత కార్డు తొలి తెర చూపించలేదు. కార్డు తీసి, బోర్డు వీజీఏతో బయోస్‌లోకి వెళ్లి ఆ సెట్టింగ్ మార్చండి.

ఏడో అడుగు: ఎస్‌ఎంపీఎస్

24 పిన్నుల మామూలు ఎస్‌ఎంపీఎస్ అయితే పరీక్ష తేలిక. ప్లగ్ పెట్టి, బటన్ నొక్కకుండా, మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద ఉంచి ఊదారంగు వైరు చూడండి. నల్ల వైరుతో పోలిస్తే 5 వోల్టులు రావాలి. ఇది స్టాండ్‌బై కరెంటు. ఇదే లేకపోతే బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. తర్వాత ప్లగ్ పీకి, కనెక్టర్‌ని బోర్డు నుంచి తీసి, ఆకుపచ్చ వైరునీ పక్కనున్న నల్ల వైరునీ ఇన్సులేషన్ ఉన్న చిన్న వైరు ముక్కతో కలిపి, మళ్లీ ప్లగ్ పెట్టండి. ఫ్యాన్ తిరగాలి. పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎర్ర వైరు 4.75 నుంచి 5.25, నారింజ వైరు 3.14 నుంచి 3.46 వోల్టుల మధ్య ఉండాలి. బూడిదరంగు వైరులో 5 వోల్టుల దగ్గర రాకపోతే, ‘పవర్ బాగుంది’ సిగ్నల్ లేనట్టే. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ప్రాసెసర్ మేలుకోదు. ఈ పరీక్షలో పాసైనా బరువు పడ్డాక వోల్టేజీ జారే ఎస్‌ఎంపీఎస్‌లు ఉంటాయి. అందుకే బోర్డుకు తగిలించి, ఆన్‌లో ఉన్నప్పుడు కనెక్టర్ వెనక నుంచి మరోసారి కొలవండి. మీటర్ మొన రెండు పిన్నులకు ఒకేసారి తగలకుండా చూసుకోండి.

ఇంతవరకూ 24 పిన్నులకే. ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020లలో పెద్ద కనెక్టర్ ఎనిమిది పిన్నులదే. ఎలైట్‌డెస్క్ 800 మొదటి తరంలో ఆరు పిన్నులు. థింక్‌సెంటర్‌లలో కొన్నిటికి పద్నాలుగు. వీటిలో వైర్ల రంగు చూసి కలపకండి. చాలా ఆప్టిప్లెక్స్‌ల వెనక ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న పరీక్ష బటన్, పచ్చ లైటు ఉంటాయి. లోపలి కనెక్టర్లన్నీ పీకి, ప్లగ్ పెట్టి అది నొక్కితే పచ్చగా వెలగాలి. వెలగకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయింది. ఒంటరిగా వెలిగి, కనెక్టర్లు తగిలించాక వెలగకపోతే షార్ట్ వేరే చోట ఉంది.

ఎనిమిదో అడుగు: ప్రాసెసర్

కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్లుండే రకమైతే దారిలో ఒక కాలు లేచి ఉంటుంది. సిస్టమ్ కొన్ని సెకన్లు నడిచి ఆగిపోవడం దాని గుర్తు. కూలర్ తీసి, పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి, నాలుగు కాళ్లూ ఎదురెదురుగా నొక్కండి.

ప్రాసెసర్ బయటికి తీస్తే సాకెట్‌లో పిన్నుల వరసలను వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. వరసలో ఒకచోట మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగింది. భూతద్దం, సూది, ఓపిక ఉంటేనే ముట్టుకోండి.

బొమ్మ రాని సిస్టమ్‌లో అన్నీ బాగుండటం కూడా ఉంటుంది, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే! ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవి, ఐ5-3350పీ, మొదటి తరం ఐ5-750, ఐ7-860, జియాన్ ఈ3-1230, 1240 లాంటివి బోర్డు పోర్టుకి బొమ్మ ఇవ్వవు. జియాన్ ఈ3లో 1225, 1245 ఇస్తాయి. రైజెన్‌లో 7000 సిరీస్‌కి ముందు, పేరు చివర జీ లేనివి ఇవ్వవు. వీటికి కార్డు కావాల్సిందే. నమ్ లాక్ పనిచేస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే ముందు ఇది గుర్తుకు రావాలి.

ప్రాసెసర్ మార్చి అమ్మిన సిస్టమ్ అయితే జత కుదిరిందా చూడండి. హెచ్61 (ఇంటెల్ చిప్‌సెట్ పేరు) బోర్డుల్లో చాలావాటికి మూడో తరం ప్రాసెసర్ తెలియాలంటే బయోస్ అప్‌డేట్ కావాలి. అప్పటిదాకా రెండో తరం ప్రాసెసర్ పెట్టి అప్‌డేట్ చేయించాలి. ఎనిమిదో తరం ప్రాసెసర్ ఆరో, ఏడో తరం బోర్డు సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది, రెండింటి పేరూ ఎల్‌జీఏ 1151 కాబట్టి. కానీ నడవదు.

బోర్డే పోయిందనిపిస్తే

ప్రాసెసర్ చుట్టూ ఉన్న స్తంభాల్లాంటి కెపాసిటర్ల నెత్తిన చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు పదార్థం కారినా అవి పోయినట్టే. 2000ల మొదట్లో వచ్చిన సిస్టమ్‌లలో ఈ జబ్బు విపరీతం. డెల్ జీఎక్స్270, జీఎక్స్280 దీనికే పేరుపడ్డాయి. ఘన కెపాసిటర్లున్న తర్వాతి బోర్డుల్లో అరుదు. తుప్పు మరకలు, బల్లి మలం, చీమల గూడు, కాలిన వాసన కూడా వెతకండి. అసెంబుల్డ్ క్యాబినెట్ అయితే బోర్డు తీసి, కింద ఇత్తడి కాళ్లు రంధ్రాలకు ఎదురుగానే ఉన్నాయా, ఒకటి ఎక్కువై బోర్డు వెనక తగులుతోందా చూడండి. బోర్డుని అట్టపెట్టె మీద పెట్టి నడిపితే బొమ్మ వస్తే దోషం క్యాబినెట్‌దే.

తెలిసిన ర్యామ్, తెలిసిన ఎస్‌ఎంపీఎస్, తెలిసిన ప్రాసెసర్ పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే బయోస్ చిప్‌ని ప్రోగ్రామర్‌తో మళ్లీ రాయించడం చిప్ లెవెల్ షాపులో (బోర్డు మీది చిప్‌లు బాగుచేసే చోట) జరిగే పని. దానికి ధర అడిగి, అదే మోడల్ పాత బోర్డు ధరతో పోల్చండి. ఎక్కువసార్లు బోర్డు మార్చడమే నయం. అయితే కంపెనీ సిస్టమ్‌కి అదే మోడల్, అదే క్యాబినెట్ సైజు బోర్డే తీసుకోవాలి. పవర్ కనెక్టర్, ముందు బటన్ వైరు, స్క్రూ రంధ్రాలు వేరే వాటితో కలవవు. అమ్మినతను పరీక్షించుకోవడానికి ఇచ్చిన టెస్టింగ్ వారంటీ గడువు మిగిలి ఉంటే ఇవేవీ చేయకుండా వెనక్కి పంపండి. మీరు సాకెట్ తెరిచాక పిన్ను వంగి ఉంటే, అది ఎవరు వంచారో ఎవరూ తేల్చలేరు.

బొమ్మ వచ్చాక

మూత వేసే ముందే బయోస్‌లోకి వెళ్లండి: డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోకి ఎఫ్1. మీకు చెప్పి అమ్మిన ర్యామ్, ప్రాసెసర్ అక్కడ అంతే కనిపిస్తున్నాయా చూసుకోండి. తేదీ సరిచేయండి. పాస్‌వర్డ్ అడిగితే అమ్మినతనికి అప్పుడే చెప్పండి, తర్వాత వినడు. రెండో ర్యామ్ తగిలించి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి కనీసం ఒక పూర్తి పాస్ నడపండి, రాత్రి వదిలేస్తే ఇంకా మంచిది. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఏ ర్యామ్‌దో విడిగా పరీక్షించి దాన్ని పక్కన పెట్టండి. తర్వాత ప్లగ్ పీకి, డిస్క్, మిగతా కేబుళ్లు తగిలించి, సన్న వైర్లేవీ ఫ్యాన్ రెక్కలకు తగలకుండా పక్కకు మడిచి మూత బిగించండి.